పెంపుడు బల్లి మేత మానేస్తే.. పళ్లెం కంటే ముందు వేడి చూడాలి

నరసరావుపేట: కుక్క ఒక పూట అన్నం ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. పిల్లి పాలగిన్నె వైపు చూడకపోతే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు గమనిస్తారు. పెంపుడు బల్లి సంగతి వేరు. అది అరవదు, కాళ్లకు అడ్డం పడదు. ఆకలేసినా, ఆకలి చచ్చినా ఒకే తీరున కొమ్మను కరచుకుని కూర్చుంటుంది. ఇగువానా, బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెకో వంటి విదేశీ బల్లులను పెంచేవారికి అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. పళ్లెంలో ఆకులు రోజూ అలాగే వాడిపోతున్నాయని గుర్తించేసరికి వారం గడిచిపోతుంది. అప్పటికే తోక మొదలు సన్నబడి, తుంటి ఎముకలు పైకి తేలి ఉంటాయి. ఆ దశలో కంగారుపడి నోరు తెరిచి మేత కుక్కడం, గొర్రెలకు తెచ్చిన నట్టల మందు పోయడం వంటి పనులు చేస్తే మిగిలిన ప్రాణం కూడా పోతుంది.

మేత మానడం ఒక జబ్బు కాదు, ఒక లక్షణం. దాని వెనుక పది కారణాలు ఉండవచ్చు. అయితే ఇళ్లలో పెంచే బల్లుల విషయంలో ఎక్కువసార్లు తప్పు జీవిలో ఉండదు, దానిని ఉంచిన పెట్టెలో ఉంటుంది. అందుకే వైద్యులు మొదట అడిగే ప్రశ్న ‘ఏం పెడుతున్నారు?’ అని కాక ‘ఎంత వేడిలో ఉంచుతున్నారు?’ అని ఉంటుంది.

వేడి ఉంటేనే ఆకలి

మనిషి, ఆవు, కోడి తిన్న తిండిలో అధిక భాగం ఒంటి వేడిని నిలుపుకోవడానికే ఖర్చవుతుంది. బల్లికి ఆ కొలిమి లేదు. దాని ఒంటి వేడి బయటి నుంచి రావాలి. పొద్దున్నే కంచెపైకి ఎక్కి ఎండకు వీపు అప్పగించే తొండను పల్లెల్లో చూడనివారు ఉండరు. అది సోమరిగా కూర్చున్నట్టు కనిపించినా నిజానికి ఆ రోజుకు తన ఒంటిని సిద్ధం చేసుకుంటోంది. ఒళ్లు వేడెక్కితేనే కండరాలు కదులుతాయి, జీర్ణరసాలు పని చేస్తాయి, ఆకలి పుడుతుంది. ఒళ్లు చల్లగా ఉన్న బల్లి ముందు పంచభక్ష్యాలు పెట్టినా ముట్టదు. ముట్టినా అరగదు. కడుపులో చేరిన పురుగు అక్కడే కుళ్లిపోతుంది.

ఇగువానాకు ఈ అవసరం మరీ ఎక్కువ. మధ్య, దక్షిణ అమెరికా అడవులకు చెందిన ఈ జీవి దాదాపు పూర్తిగా ఆకులపైనే బతుకుతుంది. ఆకులోని పీచును అరిగించే శక్తి దాని సొంతం కాదు. పెద్దపేగులో నివసించే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. గేదె నెమరువేసే పొట్టలో జరిగే పులియబెట్టడం వంటిదే ఇక్కడా జరుగుతుంది. పనామా అడవుల్లో 1980ల తొలి ఏళ్లలో జరిగిన పరిశోధనలు ఒక విచిత్రాన్ని బయటపెట్టాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్లలు పెద్ద ఇగువానాల చెంతకు చేరి వాటి విసర్జితాలను తిని ఈ సూక్ష్మజీవులను సంపాదించుకుంటాయి. పేగు వేడి తగ్గితే ఆ సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. తిన్న ఆకు లోపలే నిలిచి కడుపు ఉబ్బుతుంది. ఆ తర్వాత బల్లి తనంతట తానే మేత ఆపేస్తుంది.

కాబట్టి పెట్టెలో ఒకవైపు వేడిగా, రెండోవైపు చల్లగా ఉండాలి. బల్లి తనకు కావలసిన చోటుకు తానే జరుగుతుంది. ఇగువానా ఎండ కాచుకునే కొమ్మ వద్ద 35 నుంచి 38 డిగ్రీలు, చల్లని వైపు 26 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడాలి. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాలకు చెందిన బియర్డెడ్ డ్రాగన్‌కు వేడి చోట 38 నుంచి 42 డిగ్రీల వరకు కావాలి. రాత్రివేళ తిరిగే లెపర్డ్ గెకోకు దీపం కంటే నేల వెచ్చదనం ముఖ్యం. అది పడుకునే చోట అడుగున 31 నుంచి 33 డిగ్రీలు ఉంటే చాలు. ఈ లెక్కలు అరచేతితో తెలియవు. రెండు థర్మామీటర్లు కొని, వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, బల్లి వీపు ఎత్తులో ఉంచి చూడాలి. పెట్టె పైన గోడకు తగిలించిన థర్మామీటర్ చెప్పేది గది వేడిని మాత్రమే.

రెంటచింతల ఎండ.. ధనుర్మాసం చలి

బల్లుల పెంపకంపై దొరికే పుస్తకాలు, సూచనలు చాలావరకు చలి దేశాలవారు రాసినవి. ఏడాది పొడవునా దీపాలు వెలిగించాలని, గదిని వెచ్చబెట్టాలని అవి చెబుతాయి. పల్నాడులో ఆ మాటలను అక్షరాలా పాటిస్తే ముప్పే. రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతల ప్రస్తావన వస్తే మొదట వినిపించే పేరు రెంటచింతల. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల ప్రాంతాల్లోని నాపరాతి నేలలు, రాతి కట్టడాలు రాత్రి పొద్దుపోయేవరకు సెగలు కక్కుతాయి. అలాంటి రోజుల్లో రేకుల కప్పు కింద గాజు పెట్టెలో దీపం వెలిగితే లోపలి జీవి ఉడికిపోతుంది.

వేసవిలో మేత మానిన బల్లి విషయంలో మొదట అనుమానించాల్సింది ఈ అధిక వేడినే. నోరు తెరిచి రొప్పడం, నీటిగిన్నెలోనే పడి ఉండటం, చల్లని మూలకు చేరి కదలకపోవడం దీని గుర్తులు. పగటిపూట వేడి దీపం ఆపివేయాలి. పెట్టెను గాలి ఆడే, ఎండ నేరుగా పడని గదికి మార్చాలి. ఇక్కడి ఎండకు మరో గుణం ఉంది. అది పొడి ఎండ. వానలు పడే అడవుల నుంచి వచ్చిన ఇగువానాకు ఒంటికి, ఊపిరికి తేమ కావాలి. వడగాడ్పులు వీచే రోజుల్లో దాని ఒంట్లో నీరు ఇంకిపోతుంది. నీరు తగ్గిన బల్లి తినదు. గదిలో ఎయిర్ కూలర్ నడపడం ఇటువంటప్పుడు రెండు విధాలా మేలు చేస్తుంది, అయితే గాలి నేరుగా పెట్టెపై కొట్టకూడదు. రోజుకు రెండుసార్లు ఆకులపైన, జీవిపైన నీళ్లు చిలకరించాలి. ఎడారి జీవి అయిన బియర్డెడ్ డ్రాగన్‌కు మాత్రం ఇంత తేమ పనికిరాదు.

ఇక డిసెంబరు, జనవరి నెలల్లో కథ తిరగబడుతుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీలకు దిగే రోజులు ఉంటాయి. మనకు అది దుప్పటి కప్పుకునే చలి మాత్రమే. ఇగువానాకు అది ఆకలిని చంపే చలి. మే నెలలో ఆరోగ్యంగా ఉన్న జీవి సంక్రాంతి నాటికి మేత తగ్గిస్తే ఈ తేడాను గుర్తుచేసుకోవాలి. రాత్రివేళ 22 డిగ్రీలకు తగ్గకుండా వెలుతురు రాని వేడి పరికరాన్ని వాడాలి. కరెంటు పోయిన రాత్రి పెట్టెపై దుప్పటి కప్పి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను ఒక పక్కన ఉంచితే తెల్లవారేదాకా ఆదుకుంటుంది. మార్కెట్లో దొరికే ‘వేడి రాళ్ల’ను నమ్మకూడదు. బల్లికి పొట్ట కింద కాలుతున్నదని త్వరగా తెలియదు. కాలిన గాయాలతో వచ్చే కేసుల్లో వీటి పాత్ర ఉంటోంది. విద్యుత్ బల్బును కూడా జీవికి అందకుండా జాలీ వెనుక అమర్చాలి.

కిటికీ అద్దం ఆపేసే కిరణాలు

ఇన్ని సూర్యకిరణాలున్న జిల్లాలో పెంపుడు బల్లికి ఎండ లోపం రావడం వింతగానే ఉంటుంది. కానీ జరుగుతున్నది అదే. పగటిపూట తిరిగే బల్లుల చర్మం సూర్యరశ్మిలోని అతినీలలోహిత ‘బి’ కిరణాల సాయంతో విటమిన్ డి3ని తయారు చేసుకుంటుంది. అది లేనిదే పేగు కాల్షియాన్ని పీల్చుకోలేదు. కిటికీ అద్దం వెలుతురును, వేడిని లోపలికి రానిస్తుంది కానీ ఈ కిరణాలను ఆపేస్తుంది. అద్దం పక్కన నెలల తరబడి ‘ఎండలో’ ఉంచామనుకునే యజమాని నిజానికి దానిని చీకట్లో ఉంచినట్టే లెక్క.

కాల్షియం చాలని శరీరం తన ఎముకల నుంచే దానిని తోడుకుంటుంది. దవడ ఎముక మెత్తబడుతుంది. నమలడం బాధాకరమవుతుంది. బల్లి మేత దగ్గరికి వచ్చి, నోట పట్టుకుని, వదిలేస్తుంది. ఆకలి ఉండీ తినలేకపోవడం ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తు. తర్వాత కాళ్లు వాచినట్టు లావవుతాయి, వేళ్లు వణుకుతాయి, వెన్ను వంకర తిరుగుతుంది. బొద్దుగా ఉన్న కాళ్లను చూసి బలంగా ఉందనుకుని మురిసిపోయేవారూ ఉన్నారు. ఆ దశలో మందు షాపు టానిక్కులతో లాభం లేదు, వైద్యుడి చికిత్స కావాలి.

నివారణ మాత్రం పల్నాడులో దాదాపు ఉచితం. ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య, సాయంత్రం ఎండ తగ్గాక గంటసేపు జాలీ పంజరంలో ఆరుబయట ఉంచాలి. పంజరంలో సగం తప్పనిసరిగా నీడ ఉండాలి. గాజు తొట్టెను ఎండలో పెట్టడం మాత్రం ప్రాణాంతకం, నిమిషాల్లో లోపలి వేడి రెట్టింపు తీవ్రతకు చేరుతుంది. కాకులు, కుక్కలు, పిల్లుల బెడద ఉంటుంది కాబట్టి మనిషి పక్కన ఉండాలి. బయటికి తీసుకెళ్లే వీలు లేనివారు యూవీబీ దీపం వాడతారు. ఆ దీపం వెలుగుతూనే ఉన్నా అందులోని కిరణాల శక్తి నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. తయారీదారు చెప్పిన గడువు ప్రకారం మార్చుకోవాలి.

రైతుబజారులో దొరికే మేత

విదేశీ పుస్తకాల్లో ఇగువానాకు పెట్టమని చెప్పే డాండెలియన్, కొలార్డ్ ఆకుల కోసం నరసరావుపేట, చిలకలూరిపేటల్లో వెదకడం వృథా ప్రయాస. వాటికి తీసిపోని ఆకులు ఇంటి పెరట్లోనే ఉన్నాయి. కాల్షియం దండిగా ఉన్న మునగాకు అన్నింటికంటే మేలైనది. అవిసె ఆకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, చిలగడదుంప తీగ ఆకులు మంచివి. గుమ్మడి, సొర, బీర, బెండ వంటి కూరగాయలను తురిమి ఆకుల్లో కలపవచ్చు. బొప్పాయి, మామిడి, అంజూర పండ్లు కొద్దిగా రుచి కోసం మాత్రమే. పండు రుచి మరిగిన ఇగువానా ఆకు ముట్టనని మొండికేస్తుంది. అది జబ్బు కాదు, యజమాని చేసిన అలవాటు.

తెలుగువారికి ప్రాణమైన గోంగూర, చుక్కకూర, పాలకూర, బచ్చలి మాత్రం రోజూ పెట్టదగినవి కావు. వీటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. తోటకూర కూడా ఈ కోవలోనిదే కాబట్టి అప్పుడప్పుడు ఇతర ఆకులతో కలిపి కొద్దిగా వేయవచ్చు. క్యాబేజీ వంటివి తరచుగా పెడితే థైరాయిడ్ గ్రంథికి చేటు. కీరదోస, లెట్యూస్‌లలో నీరు తప్ప సారం తక్కువ. గుడ్డు, మాంసం, కుక్కల బిస్కెట్లు ఇగువానాకు పెట్టడం పెద్ద పొరపాటు. బలం వస్తుందని పెట్టిన ఆ మాంసకృత్తులు కొన్నేళ్లకు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు చెడిన ఇగువానా మొదట చూపే లక్షణం మళ్లీ మేత మానడమే.

మేత తగ్గించిన జీవిని ఊరించడానికి ఒక చిట్కా చాలాసార్లు ఫలిస్తుంది. ఎర్ర మందార పువ్వును ముక్కలు చేసి ఆకులపై చల్లాలి. ఇగువానాలు రంగులను బాగా గుర్తిస్తాయి, మందారమంటే వాటికి మక్కువ. మేతను ఉదయం ఒళ్లు వేడెక్కిన గంటకు పెట్టాలి. పొద్దుపోయాక పెడితే రాత్రి చల్లదనానికి అరగదు.

చేలో మిడతలు పట్టి తేవద్దు

బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెకోలకు పురుగులు కావాలి. డ్రాగన్ పెద్దదయ్యేకొద్దీ ఆకులు ఎక్కువ తింటుంది, గెకో జీవితాంతం పురుగులే తింటుంది. కొన్న కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు ఖరీదని కొందరు చేలగట్లపై మిడతలు పట్టి తెస్తారు. పల్నాడు అంటే మిర్చి, పత్తి. ఈ రెండు పంటలపైనా పడినంత పురుగుమందు మరే పంటపైనా పడదంటే అతిశయోక్తి కాదు. మందు తిన్న మిడత చచ్చేలోపు నెమ్మదిగా కదులుతుంది, సులభంగా చేతికి దొరుకుతుంది. దొరికిందే విషపూరితమైనది కావడం ఇందులోని విషాదం. ఆ మిడతను తిన్న బల్లి వణుకుతుంది, నోట నురగ కారుతుంది, కాళ్లు చాపేస్తుంది. కొద్ది మోతాదైతే కేవలం మేత మానేసి మూలన పడి ఉంటుంది, కారణం ఎవరికీ తట్టదు. ఇంట్లో బొద్దింకల మందు కొట్టిన తర్వాత పట్టిన పురుగులతోనూ ఇదే ప్రమాదం. మిణుగురులను ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. అమెరికాలో కొన్ని మిణుగురు జాతులను తిన్న బియర్డెడ్ డ్రాగన్లు గంటల వ్యవధిలో మరణించిన సంఘటనలను పశువైద్యులు నమోదు చేశారు.

బజారు ఆకుకూరల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నీళ్లలో అరగంట నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. మందు కొట్టని పెరటి మునగ చెట్టు ఉంటే అంతకు మించిన భద్రత లేదు.

పురుగుల్లో కాల్షియం అతి తక్కువ. అందుకే కాల్షియం పొడిని పురుగులపై అద్ది పెడతారు. పొడి దొరకనప్పుడు పక్షుల పంజరాల్లో కట్టే సముద్రపు నురుగును మెత్తగా దంచి వాడవచ్చు. ఉడికించి ఎండబెట్టి దంచిన కోడిగుడ్డు పెంకులూ పనికొస్తాయి. తాంబూలంలో వాడే సున్నాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, అది నోటిని, గొంతును కాల్చివేస్తుంది. తినకుండా వదిలిన కీచురాళ్లను రాత్రి పెట్టెలోనే ఉంచడం కూడా తప్పు. నీరసించిన బల్లిని అవే కొరుకుతాయి.

అన్ని ఉపవాసాలూ జబ్బులు కావు

కొత్త ఇంటికి వచ్చిన బల్లి మొదటి వారం సరిగా తినకపోవడం సహజం. ఎత్తి ముద్దు చేయడం, ఇరుగుపొరుగు పిల్లలకు చూపించడం ఆపి, దాక్కునేందుకు చోటు ఇచ్చి, నాలుగు రోజులు దానిమానాన దానిని వదిలేయాలి. పెట్టె ఎదుట కుక్క కూర్చున్నా, అద్దంలో తన ప్రతిబింబాన్నే చూసి మరో బల్లి అనుకున్నా బెదిరి మేత మానుతుంది. ఒకే పెట్టెలో రెండింటిని ఉంచితే బలమైనది వెచ్చని చోటును ఆక్రమిస్తుంది. రెండోది చలిలో, ఆకలితో చిక్కిపోతుంది. అవి పోట్లాడుకోవడం లేదు కదా అని యజమాని సర్దిచెప్పుకుంటాడు.

కుబుసం విడిచే రోజుల్లో ఆకలి తగ్గుతుంది. జత కట్టే కాలంలో మగ ఇగువానా వారాల తరబడి మేతపై మనసు పెట్టదు. బియర్డెడ్ డ్రాగన్లు చలికాలంలో మొద్దునిద్రకు దగ్గరైన స్థితిలోకి వెళ్తాయి, బరువు పెద్దగా తగ్గకపోతే భయపడాల్సిన పని లేదు. ఆడ ఇగువానా మగదాని తోడు లేకుండానే గుడ్లు కట్టగలదు. గుడ్లు నిండిన పొట్టలో మేతకు చోటు ఉండదు. తినదు కానీ చురుగ్గా తిరుగుతూ, నేలను గీరుతూ ఉంటుంది. లోతైన తొట్టెలో తడి ఇసుక, మట్టి కలిపి పెడితే గొయ్యి తవ్వుకుని గుడ్లు పెడుతుంది. అలా తవ్వుతూ తవ్వుతూ ఒక్కసారిగా నీరసించి కళ్లు మూస్తే మాత్రం గుడ్లు అడ్డుపడినట్టు. అది అదే రోజు వైద్యుడిని చూడాల్సిన అత్యవసర స్థితి.

సహజమైన ఉపవాసానికి, జబ్బుకు తేడా చెప్పేది తూకం. వంటింటి తూకపు యంత్రం చాలు. వారానికొకసారి, అదే వేళకు తూచి నోటుపుస్తకంలో రాసుకోవాలి. బరువు పదో వంతు తగ్గితే ఇక ఆగకూడదు. పిల్లలైతే రెండు మూడు రోజులు, పెద్దవైతే వారం రోజులు అసలేమీ తినకపోయినా వైద్యుడికి చూపించాలి. కళ్లు గుంటలు పడటం, నోటి అంచుల్లో చీము వంటి తెల్లటి పదార్థం, ముక్కు నుంచి బుడగలు, పొట్ట ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, వెనుక కాళ్లు ఈడ్వడం కనిపిస్తే రోజుల లెక్క కూడా చూడనక్కర్లేదు. బల్లి విసర్జితంలో తెల్లని భాగం ఉంటుంది. అది మూత్రం. మెత్తగా ఉండాల్సిన ఆ తెలుపు పసుపు రంగుకు మారి సుద్దముక్కలా గట్టిపడితే ఒంట్లో నీరు తగ్గినట్టు.

ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆఖరున మేత

చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. సిరంజితో గుజ్జు పోయడంతో మొదలుపెడతారు. చల్లబడి, నీరింకిన ఒంట్లోకి మేత వెళ్తే అరగక కుళ్లుతుంది. గొంతుకు అడ్డంపడి ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. చాలాకాలం పస్తున్న జీవికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం అందితే రక్తంలోని లవణాల సమతుల్యం తప్పి ప్రాణం పోయే అవకాశమూ ఉంది.

మొదటి రోజు చేయాల్సింది వేడిని సరిచేయడం మాత్రమే. ఒళ్లు వెచ్చబడ్డాక గోరువెచ్చని నీళ్లు వెడల్పు పళ్లెంలో పోసి, భుజాలు దాటని లోతులో పావుగంట కూర్చోబెట్టాలి. పక్కనే ఉండి తల మునగకుండా చూడాలి. చాలా బల్లులు ఆ నీటినే తాగుతాయి, మలవిసర్జన కూడా అప్పుడే చేస్తాయి. ముక్కు అంచున ఒక్కో నీటిచుక్క వదిలితే నాకుతాయి. ఇలా రెండు రోజులు గడిచాక ఆకును సన్నగా తరిగి నోటి దగ్గర చూపాలి. ఎక్కువ సందర్భాల్లో, కారణం వేడి లోపమే అయితే, ఈపాటికి తినడం మొదలవుతుంది. ట్యూబు ద్వారా మేత ఎక్కించాల్సిన స్థితి వస్తే అది వైద్యుడి చేతిలో జరగాల్సిన పని. దవడ మెత్తబడిన బల్లి నోటిని బలవంతంగా తెరిస్తే ఎముక విరుగుతుంది.

మనుషుల నొప్పి మాత్రలు, టానిక్కులు వాడకూడదు. గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న జిల్లా కావడంతో నట్టల మందులు ఇంట్లోనే అందుబాటులో ఉంటాయి. వాటిలో ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం, కొన్ని బల్లిజాతులకూ ముప్పు. పేగుల్లో పురుగులున్నాయో లేదో తేల్చకుండా మందు వేయడం గుడ్డిదెబ్బే.

మరో మాట. ఆరోగ్యంగా కనిపించే బల్లుల పేగుల్లోనూ సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. జీవిని, నీటిపళ్లేన్ని తాకిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ పళ్లేలను వంటింటి తొట్టిలో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలను దూరంగా ఉంచడం మంచిది.

ఉడుమైతే ఇంట్లో ఉండకూడదు

పై సూచనలన్నీ విదేశీ జాతులకే. పొలంలో దొరికిన ఉడుము పిల్లను తెచ్చి కట్టేసి, అది తినడం లేదని సలహా అడిగేవారికి చెప్పాల్సింది ఒక్కటే, దానిని అటవీ శాఖకు అప్పగించాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 కింద ఉడుము మొదటి షెడ్యూలులోని జీవి. పట్టుకోవడం, బంధించడం, చంపడం అన్నీ నేరాలే. మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు, 2022 నాటి సవరణ ప్రకారం కనీసం రూ.25 వేల జరిమానా ఉంటాయి. ఊసరవెల్లి, నక్షత్ర తాబేలు కూడా రక్షిత జీవులే. ‘తొండ ముదిరితే ఊసరవెల్లి’ అన్నది సామెత వరకే, అవి రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన జీవులు.

అడవి నుంచి వచ్చిన ఉడుము బందిఖానాలో మేత ముట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎలుకలు, గుడ్లు, పురుగులు, పీతలు వెదుక్కుంటూ రోజంతా తిరిగే జీవి అది. గోనెసంచిలో, తాడు బిగించిన నడుముతో అది తిండి గురించి ఆలోచించదు. మాంసం కోసం, నూనె కోసం, మూఢనమ్మకాల కోసం ఉడుములను వేటాడటం నేటికీ ఆగలేదు. ‘హత్తాజోడి’ అనే మహిమగల వేరు పేరిట అమ్ముతున్నవి ఎండబెట్టిన ఉడుము జననాంగాలేనని 2017లో బయటపడింది. మాచర్ల వైపు అడవులు నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. పొలాల్లో ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ఈ జీవి గాయపడి కనిపిస్తే మేత పెట్టే ప్రయత్నం చేయకుండా గాలి ఆడే పెట్టెలో, చీకటిగా, నీడలో ఉంచి సమీప అటవీ రేంజి కార్యాలయానికి సమాచారం ఇవ్వాలి.

విదేశీ బల్లులకూ ఇప్పుడు చట్టం వర్తిస్తోంది. 2020లో కేంద్రం స్వచ్ఛందంగా వివరాలు వెల్లడించే అవకాశం ఇచ్చింది. 2022 సవరణతో అంతర్జాతీయ ఒప్పందం ‘సైటీస్’ జాబితాలోని జీవులు చట్టంలోని నాలుగో షెడ్యూలులో చేరాయి. ఇగువానా వాటిలో ఒకటి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇటువంటి జీవులను ‘పరివేష్’ పోర్టల్ ద్వారా నమోదు చేయించాలి. మరొకరికి ఇచ్చినా, పిల్లలు పుట్టినా, జీవి చనిపోయినా తెలియజేయాలి. దొంగచాటుగా సంచుల్లో కుక్కి తెచ్చిన పిల్లలు నీరింకి, పురుగులు పట్టి దుకాణానికి చేరుతాయి. ‘తెచ్చిన రోజు నుంచీ తినడం లేదు’ అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఆ ప్రయాణంలోనే ఉంటుంది. పత్రాలు చూపని దుకాణంలో కొనకపోవడానికి చట్టంతో పాటు ఇదీ ఒక కారణం.

వైద్యుడి వద్దకు వెళ్లేముందు

ఊళ్లలోని పశువైద్యశాలలు ప్రధానంగా గేదెలు, ఆవులు, గొర్రెల కోసం ఏర్పడినవి. బల్లికి శస్త్రచికిత్స అక్కడ ఆశించలేకపోయినా, మలపరీక్షకు గొర్రె పేడను చూసే సూక్ష్మదర్శినే సరిపోతుంది. నులిపురుగుల గుడ్లు, కాక్సిడియా క్రిములు అందులో కనిపిస్తాయి. తాజా విసర్జితాన్ని మూత ఉన్న చిన్న డబ్బాలో కొన్ని గంటల్లోపే తీసుకెళ్లాలి. ఎక్స్‌రే, రక్తపరీక్షలు కావాల్సివస్తే నరసరావుపేటకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు. మాచర్ల, గురజాల వారికి దూరం ఇంకా ఎక్కువ. ముందుగా ఫోన్ చేసి, సరీసృపాలను చూసే వైద్యులు ఏ రోజు ఉంటారో కనుక్కుని బయల్దేరడం మేలు.

ప్రయాణంలో జీవిని ఒడిలో పెట్టుకోకూడదు. రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పాత తువ్వాలు పరచి ఉంచాలి. వేసవిలో తెల్లవారుజామునే బయల్దేరాలి, ఎండలో నిలిపిన కారులో అయిదు నిమిషాలు కూడా వదలకూడదు. చలికాలంలో గుడ్డ చుట్టిన వెచ్చని నీళ్ల సీసా పక్కన ఉంచాలి. బరువులు రాసిన నోటుపుస్తకం, పెట్టెకు రెండు వైపులా తీసిన ఉష్ణోగ్రతల లెక్క, యూవీబీ దీపం కొన్న తేదీ, పెట్టిన మేత వివరాలు, పెట్టె ఫొటో వెంట తీసుకెళ్లాలి. జీవిని బల్లపై పెట్టకముందే వైద్యుడికి సగం సంగతి వాటిలోనే తెలుస్తుంది.